సాగిన టేపు చెప్పిన ఎనభై తొమ్మిది

ఇలా రండమ్మా, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఇది వీధిలోకి వినబడేలా చెప్పుకునే మాట కాదు. చాలాకాలం కడుపులో దాచుకున్నాను. నాకు కడుపెక్కడుందని నవ్వకండి. ఊరందరి కడుపులూ చుట్టి వచ్చినదాన్ని, ఆ మాట వాడుకునే హక్కు నాకూ ఉంది.

నేను ఒక గుడ్డ టేపుని. దర్జీల మెడలో దండలా వేలాడే కొలత టేపుని. ఒక పక్క అంగుళాలు అరవై, రెండో పక్క సెంటీమీటర్లు నూటయాభై చిల్లర, రెండు చివర్లా ఇత్తడి తొడుగులు. ఏ ఊళ్ళో పుట్టానో సరిగ్గా చెప్పలేను. మైనం పూసిన పట్టీ మీద అంకెలు అచ్చువేసి, మమ్మల్ని బల్ల మీద పరిచారు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దాయన ఇనప బద్ద పక్కన పెట్టి ఒక్కొక్కరినీ చూశాడు. నా వంతు వచ్చినప్పుడు "ఊఁ" అని పక్కకి తోశాడు. ఆ ఊఁకారమే నా జన్మపత్రిక. నేను పుట్టుకతో అబద్ధాలదాన్ని కానని చెప్పడానికే ఈ సంగతంతా.

రామచంద్రపురం బజార్లో నన్ను కొన్నది మంగతాయారు. కాలవ గట్టు పక్క ఊరు ఆమెది. మొగుడు పోయాక ఇంటి ముందు గదిలో కుట్టు మిషను వేసుకుని జాకెట్లు కుట్టేది. ఇరవై రెండేళ్ళు ఆమె మెడలో ఉన్నాను. పుస్తెలతాడు బీరువాలోకి వెళ్ళింది, నేను మెడలోకి వచ్చాను. ఆమె ఆలోచించేటప్పుడు నా రెండు చివర్లూ పట్టుకుని కిందికి గుంజేది. మాట్లాడేటప్పుడూ గుంజేది. ఆమె మాట్లాడని పూట నాకు గుర్తులేదు. కుట్టిన బట్టలు మూట కట్టాలంటే తాడు వెతకడం బద్ధకం, నాతోనే బిగించి ముడేసేది. వానలో తడిసినా, చెమటలో నానినా, మేకుకి తగిలించి ఆరబెట్టేది. అలా అలా, మనిషి నడుం వంగినట్టు, నేను సాగాను. రోజుకి వెంట్రుకంత. నాకు తెలియలేదు. సాగుతున్నవాళ్ళకి సాగుతున్నట్టు తెలియదు, అది మీ మనుషుల్లోనూ చూశాను.

దర్జీ పనిలో నా సాగుడు ఎవరికీ చెడు చేయలేదు. ఎందుకంటారా? ఒంటిని నాతోనే కొలుస్తుంది, గుడ్డనీ నాతోనే కొలుస్తుంది. రెండు చోట్లా ఒకే అబద్ధం చెప్తే జాకెట్టు సరిగ్గానే కుదురుతుంది. ఊరూ అంతే, అందరూ ఒకే అబద్ధం ఆడుకుంటే అందరికీ సరిపోతుంది.

మంగతాయారుకి ఒక నియమం ఉండేది. ఎవరి కొలతా పైకి చదివేది కాదు. నా మీద బొటనవేలు నొక్కి, అంకె చూసి, మూగగా పుస్తకంలో రాసుకునేది. పాత జాకెట్టు బిగుసుకుందని ఎవరైనా తెస్తే, "గుడ్డ కుంచించుకుపోయిందే, ఈ రోజుల్లో గుడ్డలన్నీ అంతే" అని గుడ్డ మీదికి తోసేసేది. లోపల వదిలిన అంగుళం విప్పి మళ్ళీ కుట్టి ఇచ్చేది. ఆ గదిలో తప్పు చేసింది ఎప్పుడూ గుడ్డే, ఒళ్ళు కాదు. ఆడవాళ్ళు తేలిగ్గా నవ్వుకుంటూ వెళ్ళేవారు. అది మర్యాద అనుకున్నాను. మర్యాదే. కాకపోతే మర్యాద కింద ఏం దాక్కుంటుందో నేను అప్పుడు ఆలోచించలేదు.

ఆ వచ్చేవాళ్ళలో ఒకామె వీరవేణి. మంగతాయారు ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది, వరసకి వదినా అని పిలుస్తుంది. నలభై మూడేళ్ళు. మంగతాయారు జాకెట్లకి హుక్కులు కుట్టడం, చీరలకి ఫాల్సు వేయడం ఆమె పని. పొద్దున్న వంటయ్యాక చాప మీద కూర్చుంటే సాయంత్రం దాకా లేచేది కాదు. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే నిండుగా అయింది. చూసినవాళ్ళు "ఒళ్ళు చేశావే వీరవేణీ, మీ ఆయన బాగా చూసుకుంటున్నట్టున్నాడు" అనేవారు. మన భాషలో చూడండి, 'చిక్కిపోయావు' అంటే ఏడుపు, 'ఒళ్ళు చేశావు' అంటే దీవెన. ఆ దీవెన ఎన్ని అంగుళాలో నాకు తెలుసు, లేదా తెలుసనుకున్నాను.

ఊళ్ళో ఆడవాళ్ళందరూ వీపు మెడ కిందికి కుట్టించుకునే రోజుల్లో వీరవేణి ఒక్కతే "పైకంటా మూసెయ్యి వదినా" అనేది. ఎందుకో నేను తాకి చూశాను కాబట్టి చెప్తున్నాను. ఆమె మెడ వెనక నలుపు. మామూలు నలుపు కాదు, మఖమలు గుడ్డలా మందంగా, మడతలు మడతలుగా. అందరూ అది మురికనుకున్నారు. ఆమె కూడా అనుకుంది. వాళ్ళ అత్తగారు గవరమ్మ చెడ్డ మనిషి కాదు. ఆదివారం ఆదివారం కోడల్ని పీట మీద కూర్చోబెట్టి, సున్నిపిండీ నిమ్మచెక్కా పెట్టి, బీరపీచుతో రుద్దేది. ఒకసారి కొలత తీసే రోజున ఆమె మెడ మీద నెత్తురు చారలు చూశాను.

"ఏంటే ఇది?" అంది మంగతాయారు.

"మా అత్తగారు రుద్దారు వదినా. ఎంత రుద్దినా వదలదు. మొన్న పెళ్ళిలో ఎవరో అన్నారు, ఆవిడికి తలంటుకునే తీరికుండదా అని."

నవ్వుతూనే చెప్పింది. చెప్పి, పమిట కొంగు మెడ చుట్టూ తిప్పుకుంది. ఎండాకాలం కూడా తిప్పుకునేది.

ఇక నా సిగ్గు దగ్గరికి వస్తాను. నెమ్మదిగా వస్తున్నానని విసుక్కోకండి, ముసలిదాన్ని, పైగా తప్పు చేసినదాన్ని.

ఒకనాడు పంచాయతీ వరండాలో ఆరోగ్య శిబిరం పెట్టారు. కరుణకుమారి అని సిస్టరుగారు, సన్నగా, చురుగ్గా ఉంటుంది. కాయితాలూ, బీపీ మిషనూ, వేలు పొడిచి చక్కెర చూసే చిన్న మిషనూ అన్నీ తెచ్చుకుంది. తన టేపు మాత్రం ఎక్కడో మర్చిపోయింది. సంచి తిరగేసి, బోర్లించి చూసింది.

"టేపుకి కరువాండీ?" అని మంగతాయారు నన్ను మెడలోంచి తీసి దండ వేస్తున్నట్టు ఆమె చేతికి ఇచ్చింది. "ఇరవై రెండేళ్ళది. ఈ ఊళ్ళో దీనికి తెలీని నడుం లేదండి."

"నడుం ఉన్నోళ్ళ సంగతి సరే, మా సంగతేంటే?" అని గుంపులోంచి ఎవరో అన్నారు. వరండా అంతా నవ్వు.

ఆ రోజు నా గర్వం చూడాలి! జాకెట్లు కొలిచేదాన్ని, వైద్యంలోకి వచ్చాను. జీవితంలో మొదటిసారి నన్ను సెంటీమీటర్ల వైపు తిప్పి పట్టుకున్నారు. ఇరవై ఆరు మందిని కొలిచాను.

కరుణకుమారి కాయితంలో లెక్క ఇలా ఉండేది. వయసుకి ఇన్ని మార్కులు, ఒళ్ళు కదిలే పని లేకపోతే ఇన్ని, నడుం చుట్టుకొలతకి ఇన్ని. మొత్తం నాలుగు దాటినవాళ్ళకి వేలు పొడిచి చూడాలి. పరీక్ష పట్టీలు కొన్నే ఉన్నాయి మరి. ఇక్కడ ఎక్కువ మార్కులొచ్చినవాడు తెలివైనవాడు కాదు, అదొక్కటే బడికీ దీనికీ తేడా.

వీరవేణి వంతు వచ్చింది. వయసుకి ఒకటి. కూర్చుని చేసే పనికి రెండు. నడుం తొంభై దాటితే రెండు, లోపు అయితే ఒకటి. నేను ఆమె బొడ్డు చుట్టూ తిరిగి వచ్చి కలిసిన చోట అంకె ఎనభై తొమ్మిది.

"ఎనభై తొమ్మిది. మొత్తం నాలుగు. మీకు ఇప్పుడు పరీక్ష అక్కర్లేదండి వీరవేణి గారూ" అంది కరుణకుమారి. మెడ చూడలేదు. చూడ్డానికి కొంగు అడ్డం.

వీరవేణి మొహం వెలిగిపోయింది. ఇంటికెళ్ళి అత్తగారికి చెప్పింది, ఆవిడ వీధికి చెప్పింది. "మా కోడలికేం లేదంట. సిస్టరుగారే చెప్పారు. అసలు పిట్టంత తింటది అది!"

ఎనిమిది నెలలు ఆ అంకెని ఆమె మెడలో హారంలా వేసుకు తిరిగింది. ఎవరైనా ఆయాసపడుతున్నావేంటే అంటే, "నాకేం, ఎనభై తొమ్మిదే!" అనేది. మధ్యాహ్నం భోంచేసి వచ్చాక హుక్కులు కుడుతూ కుడుతూ సూది చేతిలో ఉండగానే తూగేది. దాహం, దాహం అనేది. నేను మేకు మీద వేలాడుతూ అన్నీ చూశాను. నా అంకె తప్పని నాకు తెలియదు. తెలిసి ఉంటే మాత్రం నోరున్నదాన్నా?

బయటపడ్డ రోజు చెప్తాను. కరుణకుమారి జాకెట్టు కుట్టించుకోవడానికి మా గదికి వచ్చింది. ఆమె చేతిసంచిలోంచి కొత్త టేపు తొంగి చూసింది, నిగనిగలాడుతూ, సాగని రకం.

"అబ్బో, కొత్త కోడలొచ్చిందే" అని మంగతాయారు దాన్ని తీసి కత్తిరింపు బల్ల మీద నా పక్కన పరిచింది, ఏది బావుందో చూద్దామని. ఇద్దరి తలలూ బల్ల అంచుకి సమానంగా పెట్టింది. రెండో చివర దాని అరవై ఆగిపోయింది. నా అరవై మాత్రం దానికంటే రెండున్నర అంగుళాలు అవతలికి పోయింది.

మంగతాయారు మళ్ళీ సర్దింది. మళ్ళీ అంతే.

"మీ టేపు పొట్టిదండీ" అంది, నా మీద ఈగ వాలనివ్వకుండా.

 కరుణకుమారి గోడకున్న ఇనప గజంబద్ద తీసి మా ఇద్దరి మీదా పెట్టింది. ఆ పెద్దాయన బద్ద గుర్తొచ్చింది నాకు. ఈసారి ఊఁకారం రాలేదు.

"ఆ రోజు అందరినీ దీంతోనే కదండీ కొలిచాం?" అందామె నెమ్మదిగా. "నేనొకసారి బద్ద పెట్టి చూసుకోవలసింది. తప్పు నాది."

"నా టేపండి. నేనిచ్చాను" అంది మంగతాయారు. కుర్చీలో కూర్చుండిపోయింది. అలవాటు కొద్దీ నన్ను బల్ల మీంచి తీసి మెడలో వేసుకుంది. "వీరవేణి" అంది. "ఎనభై తొమ్మిదని ఊరంతా చెప్పుకుంటంది."

ఇద్దరూ వీరవేణి ఇంటికి బయల్దేరారు. నన్ను తీసేయడం మర్చిపోయి మెడలో వేసుకునే వచ్చింది మంగతాయారు. దొంగని వెంటబెట్టుకుని వచ్చినట్టయింది.

వీరవేణి వాకిట్లో బియ్యం చెరుగుతోంది. తెల్లగా మల్లెపూల్లా ఉన్నాయి బియ్యం. ఒకప్పుడు ఆ ఊళ్ళో దంపుడు బియ్యం తిన్నవాళ్ళని నేను కొలిచాను. మిల్లు పాలిష్ పెరిగాక తవుడు గేదెలకీ, తెలుపు మనుషులకీ వచ్చాయి. గేదెలు ఏమీ అనలేదు.

సంగతి విని వీరవేణి చేట కింద పెట్టలేదు. "మళ్ళీ కొలవడమేంటి వదినా? ఒకసారి చెప్పేశారుగా. నేను రాను. నలుగురూ నవ్వుతారు."

"నవ్వరే."

"నవ్వుతారు. నా మెడ చూసి నవ్వట్లేదా? ఇప్పుడు నడుం కూడానా?" చేటని ఒళ్ళోకి లాక్కుంది. "ఆ ఒక్క అంకే వదినా నాకు బావుంది."

ఆ మాటకి నేను మంగతాయారు మెడ మీదే చచ్చిపోయాను. నేనిచ్చిన అబద్ధమే ఆమెకున్న ఒక్క గౌరవం. దాన్ని ఇప్పుడు లాక్కోవాలి.

అప్పుడు మంగతాయారు ఏం చేసిందో వినండి. వాకిట్లో నిలబడి, కరుణకుమారి చేతిలో కొత్త టేపు తీసుకుని, తన నడుం చుట్టూ తనే చుట్టుకుంది. అటు గోడ దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు. ఎవరి కొలతా పైకి చదవని మనిషి, గొంతెత్తి చదివింది.

"నూట మూడు! విన్నారా? మంగతాయారు నడుం నూట మూడు! గుడ్డ కుంచించుకుపోలేదు. నేనే పెరిగాను. ఇన్నాళ్ళూ మీ అందరికీ గుడ్డ మీద పెట్టి చెప్పాను." ఊపిరి తీసుకుంది. "రావే వీరవేణీ. నా తర్వాత నీదెంతైనా ఎవరికీ వినపడదు."

గోడ దగ్గరి ఆడవాళ్ళు నవ్వలేదు. ఒకామె "నాదీ చూడండి" అంది. వీరవేణి చేట దింపి, చేతులు ఎత్తి నిలబడింది.

తొంభై మూడు. అంటే మార్కులు నాలుగు కాదు, అయిదు.

కరుణకుమారి కొంగు తీయమంది. మెడ చూసి, వేలితో మెత్తగా తాకింది. "ఎన్నాళ్ళ నించి?"

"ఆరేళ్ళుంటదండి. ఎంత రుద్దినా..."

"ఇది మురికి కాదమ్మా. రుద్దితే పోదు. ఇది లోపలి మాట, బయట రాసింది."

లోపలి నించి గవరమ్మ వచ్చింది. చేతిలో సున్నిపిండి గిన్నె లేదు గాని, ఉన్నట్టే మొహం పెట్టింది. "మరి అదేంటమ్మా అయితే?"

కరుణకుమారి గుమ్మంలో కూర్చుని చెప్పింది. "మనం తిన్న అన్నం చక్కెరై రక్తంలోకి వస్తుంది కదండీ. దాన్ని లోపలికి తీసుకోమని కండల్ని పిలిచేది ఒకటుంది, ఇన్సులిన్ అంటారు. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుని, ఒళ్ళు కదలక, రోజూ తెల్లన్నమే పడుతుంటే కండలకి చెముడొస్తుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. వినబడట్లేదని ఇన్సులిన్ ఇంకా గట్టిగా ఊదుతుంది. ఆ ఊదుడు ఎక్కువైతే కొందరికి మెడ ఇలా నల్లబడుతుంది. ఊది ఊది ఊపిరి అయిపోయిన రోజున చక్కెర పైకి లేస్తుంది."

"కానీ ఇది పిట్టంతే తింటదండి!" అంది గవరమ్మ.

"ఎంతని కాదండీ. ఏంటని. నిన్నేం తిన్నారు వీరవేణి గారూ?"

"పొద్దున్న టీ, నాలుగు రస్కులండి. మజ్జానం అన్నం, చారు, ఆవకాయ. సాయంత్రం టీ, బిస్కట్లు. రాత్రి అన్నం మానేశానండి, ఉప్మాయే."

"కూర?"

"అయిపోయిందండి."

"పప్పు?"

"పిల్లలు తిన్నారండి."

"మొన్న?"

వీరవేణి ఆలోచించింది. "మొన్నా అయిపోయిందండి" అంది, తప్పు తనదైనట్టు.

 ఆ ఇంట్లో మామగారూ, మొగుడూ, పిల్లలూ, గవరమ్మా తిన్నాక చివరికి కూర్చునేది వీరవేణి. గిన్నెలో కూర అడుగంటేది. ఉన్నది అన్నం. దాన్నే చారుతోనో, ఊరగాయతోనో నింపుకునేది. రోజూ ఆకుకూరలూ, పప్పూ, గుడ్లూ ఆ చేత్తోనే వండేది, ఆ నోటికి అందేవి కావు. ఆ ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో అంతేనో నాకు తెలుసు. కొలతలిచ్చేటప్పుడు ఆడవాళ్ళు ఏం వండారో చెప్పేవారు. ఏం తిన్నారో ఒక్కరూ చెప్పలేదు, నేనూ గమనించలేదు.

గవరమ్మ మెట్టు మీద చతికిలబడింది. "నేనూ అలాగే తిన్నానమ్మా, మా అత్తగారి కాలంలో" అంది. "అప్పుడు ఒడ్లు దంచేదాన్ని, నీళ్ళు మోసేదాన్ని. బియ్యం కూడా ఎర్రవి. ఒంటికి పట్టలేదు. ఇది కూడా అంతే అనుకున్నాను." తర్వాత కోడలి మెడ వైపు చూసి, చూడలేక, "నెత్తురొచ్చేలా రుద్దానే నిన్ను" అంది.

మర్నాడు పరగడుపున వీరవేణి వేలు పొడిచారు, తర్వాత పెద్దాసుపత్రిలో నెత్తురు తీసి చూశారు. చక్కెర గట్టు దాటింది. ఎక్కువ కాదు. కానీ దాటింది.

వీరవేణి ఒక్కటే అడిగింది. "ఆ రోజే చూసుంటే దాటేది కాదా అండి?"

కరుణకుమారి అబద్ధం చెప్పొచ్చు. మంగతాయారు అయితే చెప్పేదేమో, ఇదివరకటి మంగతాయారు. సిస్టరుగారు మాత్రం, "తెలీదండి. దాటి ఉండకపోవచ్చు. దాటాక కూడా వెనక్కి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. మాత్రలు వేసుకుంటూ, తిండి మార్చుకుంటే" అంది.

ఆ 'తెలీదు' ఉంది చూడండి, అదే నాకు పడిన శిక్ష. అవునంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. కాదంటే తేలిక పడేదాన్ని. ఎనిమిది నెలల్ని ఏ టేపుతో కొలవగలరు?

మిగతా ఇరవై అయిదుగురినీ మళ్ళీ పిలిచి కొత్త టేపుతో కొలిచారు. మంగతాయారు ఇంటింటికీ వెళ్ళి "నా టేపు అబద్ధమాడింది, రండి" అని చెప్పింది. అంత నామోషీ పని ఇంకొకరైతే చేసేవారు కాదు. నన్ను తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

గవరమ్మ ఇంట్లో ఒక పద్ధతి మారింది. కూర దించగానే ముందు కోడలికి గిన్నెలో తీసి మూత పెడుతుంది. కొన్నాళ్ళకి ఆ మూత కూడా అక్కర్లేకపోయింది, అందరూ ఒకేసారి కూర్చుంటున్నారు. అన్నం సగానికి తగ్గింది, పప్పూ కూరా మీదికొచ్చాయి, ముడిబియ్యం తెచ్చుకున్నారు. మొదటి వారం మామగారు "ఇవి బియ్యమా, గులకరాళ్ళా?" అని గోల చేశారు. సాయంత్రాలు వదినా ఆడపడుచులిద్దరూ కాలవ గట్టు మీద నడుస్తారు. మంగతాయారు నోరు నడుస్తుంది, వెనకాల కాళ్ళు నడుస్తాయి. మెడ నలుపు ఇంకా ఉంది. వీరవేణి కొంగు మాత్రం చుట్టుకోవడం మానేసింది.

నన్ను కత్తిరించి పారేయమంది కరుణకుమారి, ఇంకెవరూ పొరపాటున వాడకుండా. మంగతాయారు కత్తెర తీసి కూడా వేయలేకపోయింది. "ఇటివ్వు వదినా" అని వీరవేణే తీసుకుంది. ఇప్పుడు వాళ్ళ పెరట్లో చిక్కుడు పాదుని పందిరి గుంజకి కట్టి ఉన్నాను. ఎండకి నా అంకెలు చెరిగిపోతున్నాయి. నలభైలు పోయాయి, అరవై పోయింది. ఎనభై తొమ్మిది ఇంకా కనబడుతోంది. అది చివర పోతుందనుకుంటాను. పోకపోయినా నాకు తగినదే.

ఇదీ నా సంగతి. విన్నారు కదా, మీలోనే ఉంచుకోకండి. ఎక్కడైనా ఒక పిల్ల మెడని ఎవరైనా మురికని రుద్దుతుంటే, ఆ చెయ్యి పట్టుకుని ఆపి ఈ కథ చెప్పండి. ఏ ఇంట్లోనైనా చివర కూర్చున్నావిడ కంచం ఒట్టి తెల్లగా కనబడితే, అప్పుడూ చెప్పండి. చెప్పేటప్పుడు మంగతాయారు మీదా, సిస్టరుగారి మీదా పెట్టకండి. సాగిన టేపు ఒకతి ఉండేదని, అది తప్పు చెప్పిందని నా పేరే చెప్పండి.